చోటంతా ఎవరు తింటున్నారు?

"కొన్నప్పుడు 64 జీబీ అన్నారు. మా ఫొటోలు, పాటలు, పిల్లల నోట్సు అన్నీ కలిపినా పది జీబీ ఉండవు. అయినా సి డ్రైవ్ దగ్గర ఎర్ర గీత. రీసైకిల్ బిన్ ఖాళీ చేశాం, పాత ఫొటోలు తీసేశాం. నాలుగు రోజులు బాగానే ఉంది, మళ్ళీ అదే ఎర్ర గీత. ఇంతకీ చోటంతా ఎవరు తింటున్నట్టు?"

తక్కువ ధరలో లాప్‌టాప్ కొన్న ఇంట్లో ఏదో ఒక రోజు పుట్టే ప్రశ్న ఇది. డ్రైవ్‌లో పదో వంతు కన్నా తక్కువ ఖాళీ మిగిలితే విండోస్ నీలం గీతను ఎర్రగా మార్చేస్తుంది. 64 జీబీ డ్రైవ్‌లో పదో వంతంటే సుమారు ఆరు జీబీ. ఓ పెద్ద అప్‌డేట్ వస్తే దానికి అదీ చాలదు.

అడిగినవాళ్ళకు అందరూ చెప్పే మాట ఒకటే: అక్కర్లేనివి డిలీట్ చెయ్. మాట మంచిదే గాని, వరస తప్పు. ఏది ఎంత ఉందో కొలవకముందే తీసేయడం మొదలుపెడితే, మళ్ళీ దొరకని పెళ్ళి ఫొటోలు పోతాయి, ఎవరికీ అక్కర్లేని చెత్త మాత్రం అలాగే ఉంటుంది. ఫొటోలు కళ్ళెదుట ఉంటాయి, చెత్త కనబడని చోట ఉంటుంది కాబట్టి. అందుకని తీసేయడం సంగతి తరవాత చూద్దాం. అసలు ఆ డ్రైవ్‌లో ఉన్నదెంత, తీసేసినప్పుడు లోపల జరిగేదేమిటి, అవి ముందు తేలాలి.

కొన్నది 64, కనిపించేది 59

మొదటి తేడా దుకాణం దగ్గరే మొదలవుతుంది. డ్రైవ్ తయారుచేసేవాళ్ళ లెక్కలో ఒక జీబీ అంటే వంద కోట్ల బైట్లు. విండోస్ లెక్క వేరు. అది 1,024ను 1,024తో, మళ్ళీ 1,024తో హెచ్చవేసి, వచ్చిన 1,07,37,41,824 బైట్లను ఒక జీబీ అంటుంది. కంప్యూటర్ లెక్కలన్నీ రెండు రెట్లు, నాలుగు రెట్లు, ఎనిమిది రెట్లుగా నడుస్తాయి కాబట్టి వెయ్యికి దగ్గరగా దానికి అనువైన సంఖ్య 1,024. ఫలితంగా డబ్బా మీద 64 ఉన్నది విండోస్‌లో 59.6 అవుతుంది. 128 కొంటే 119, 256 కొంటే 238. బైట్లు ఎక్కడికీ పోలేదు, కొలపాత్ర మారిందంతే. ఈ గందరగోళం పోగొడదామని 1998లో అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ పెద్ద కొలతకు గిబిబైట్ అని వేరే పేరు పెట్టింది. విండోస్ మాత్రం ఇప్పటికీ గిబిబైట్లలో లెక్కగట్టి పక్కన జీబీ అనే రాస్తుంది. ఆపిల్ వాళ్ళు 2009 నుంచి వంద కోట్ల లెక్కకే మారిపోయారు. అందుకే మాక్ కొన్నవాళ్ళకు ఈ అనుమానం రాదు.

ఆ 59లోంచి విండోస్ తన వాటా తీసుకుంటుంది. విండోస్ 11కు కనీసం 64 జీబీ డ్రైవ్ ఉండాలని మైక్రోసాఫ్ట్ పెట్టిన నియమం. అంటే మన లాప్‌టాప్ సరిగ్గా ఆ గీత మీదే ఉంది. వ్యవస్థ ఫైళ్ళే ఇరవై జీబీల పైచిలుకు. ముందు ముందు వచ్చే అప్‌డేట్ల కోసం సుమారు 7 జీబీ విడిగా పట్టి ఉంచుకుంటుంది. దీన్ని రిజర్వుడ్ స్టోరేజ్ అంటారు, 2019 నుంచి ఉంది. ర్యామ్ చాలనప్పుడు వాడుకోవడానికి పేజ్‌ఫైల్ అని కొంత. మెషీన్ నిద్రాణంలోకి, అంటే హైబర్నేషన్‌లోకి వెళ్ళేటప్పుడు ర్యామ్‌లో ఉన్నదంతా రాసిపెట్టుకోవడానికి ఇంకొంత, మామూలుగా ర్యామ్‌లో 40 శాతం. ఇవన్నీ పోను మనకు దక్కేది సగానికి అటూ ఇటూ. కాబట్టి "మా ఫైళ్ళు పది జీబీ లేవు" అన్నది అబద్ధం కాదు, గీత ఎర్రబడటమూ అబద్ధం కాదు.

చిట్టాలో పేరు కొట్టేస్తే నేల ఖాళీ అవుతుందా?

పల్లెలో భూమి చూసినవాళ్ళకు ఈ భాగం తేలిగ్గా అర్థమవుతుంది. నేల ఒకచోట ఉంటుంది, దాని వివరం మరోచోట పుస్తకంలో ఉంటుంది. ఆంధ్రాలో అడంగల్ అంటారు, తెలంగాణలో పహాణీ అంటారు. ఫలానా సర్వే నంబరు, ఇంత విస్తీర్ణం, ఫలానా వారి స్వాధీనం అని అందులో రాసి ఉంటుంది. డ్రైవ్‌లోనూ సరిగ్గా ఇలాంటి చిట్టా ఒకటుంది. విండోస్‌లో దాని పేరు మాస్టర్ ఫైల్ టేబుల్. ఏ ఫైలు పేరు ఏమిటి, డ్రైవ్‌లో ఏయే చోట్ల ఉంది, ఎంత ఉంది అన్నది ఈ చిట్టాలో ఉంటుంది. ఫైల్ అసలు సరుకు నేల మీద ఉంటుంది.

మీరు ఓ ఫైలును డిలీట్ చేస్తే చిట్టాలో పేరు కూడా కొట్టివేయరు. రీసైకిల్ బిన్ అనే పద్దు కిందకు మారుస్తారు, అంతే. నేల పూర్తిగా పాత యజమాని చేతిలోనే ఉంటుంది, ఒక్క బైటూ ఖాళీ అవదు. రెండు జీబీల సినిమాను డిలీట్ చేసి, సి డ్రైవ్ ప్రాపర్టీస్ తెరిచి చూడండి. ఖాళీ స్థలం అంకె కదలదు. బిన్ ఖాళీ చేసినప్పుడు పేరు కొట్టేసి "ఈ నేల ఎవరికైనా ఇవ్వొచ్చు" అని రాస్తారు. అప్పుడు అంకె కదులుతుంది. అప్పటికీ నేల మీద పంట అలాగే ఉంటుంది. కొత్త రైతు వచ్చి దున్నేదాకా అది పోదు. పోయిన ఫైళ్ళను తిరిగి తెచ్చే సాఫ్ట్‌వేర్లు బతికేది ఈ సందు మీదే: చిట్టాను పక్కనపెట్టి నేరుగా నేల మీద వెతుకుతాయి.

పాత తిరిగే హార్డ్ డిస్కులకు కథ ఇక్కడితో అయిపోతుంది. వాటిలో పాత పంట మీదే కొత్తది వేసెయ్యొచ్చు. ఇప్పటి లాప్‌టాప్‌లలో ఉన్నది ఫ్లాష్ మెమరీ. చవకరకం వాటిలో ఈఎమ్‌ఎమ్‌సీ పేరుతో మదర్‌బోర్డుకే అతికించి ఉంటుంది, ఖరీదైన వాటిలో ఎస్‌ఎస్‌డీగా ఉంటుంది. పేరేదైనా లోపలి నేల ఒకటే, దానికో పట్టుదల ఉంది. రాయడానికి అది చిన్న చిన్న గడులుగా ఉంటుంది. పేజీ అనే ఈ గడి సాధారణంగా 4 నుంచి 16 కేబీ. కానీ ఒకసారి రాసిన గడిలో దాన్ని చెరపకుండా మళ్ళీ రాయలేం. చెరపడమేమో గడి లెక్కన కుదరదు. వందలాది గడులున్న మడి మొత్తాన్ని ఒక్కసారే చెరపాలి. బ్లాక్ అంటారు ఈ మడిని.

ఇలాంటి తిక్క ఏర్పాటు ఎందుకు? చవక కోసం. అంతకుముందున్న మెమరీ చిప్పుల్లో ఒక్కో బైటునూ విడిగా చెరపగలిగేవారు. దానికోసం ఒక్కో కణానికి రెండు ట్రాన్సిస్టర్లు పెట్టాల్సి వచ్చేది. తోషిబాలో పనిచేసిన ఫుజియో మసుఓకా అనే జపాన్ ఇంజినీరు ఆ సౌకర్యాన్ని వదులుకున్నాడు. గుంపుగా చెరిపితే చాలనుకుంటే ఒక్క ట్రాన్సిస్టర్‌తో సరిపోతుంది. 1984లో ఆయన దీన్ని ప్రకటించాడు. ఇంకా చవకైన నాండ్ రకం 1987లో వచ్చింది. మీ ఫోన్‌లో, పెన్‌డ్రైవ్‌లో, లాప్‌టాప్‌లో ఉన్నది ఆ వంశమే. ఆనాటి బేరం వల్లే ఇవాళ 64 జీబీ కొన్ని వందల రూపాయలకు దొరుకుతోంది. దాని ఇబ్బంది కూడా మనమే పడుతున్నాం.

ఇబ్బంది ఎలాగో చూడండి. మడిలో కొన్ని గడులు పనికిరాని సరుకు, కొన్ని పనికొచ్చే సరుకు ఉన్నాయనుకుందాం. కొత్త సరుకు రాయాలంటే డ్రైవ్ లోపలి చిన్న కంప్యూటర్ పనికొచ్చే గడులను ఇంకో ఖాళీ మడిలోకి ఎత్తిపోసి, పాత మడినంతా చెరిపి, అప్పుడు వాడుకోవాలి. మీరు రాసినదానికన్నా అది లోపల రాసేది ఎక్కువ. ఖాళీ మడులు చాలా ఉన్నంతకాలం ఈ ఎత్తిపోత తీరిక వేళల్లో నిశ్శబ్దంగా సాగుతుంది. ఎర్ర గీత పడ్డాక మనం ఎదురుచూస్తుండగానే చెయ్యాల్సి వస్తుంది. నిండిన లాప్‌టాప్ నత్తనడక నడవడానికి వైరస్సే అక్కర్లేదు. పైగా ఒక్కో మడి తట్టుకోగలిగే చెరుపులకు లెక్కుంది, రకాన్ని బట్టి వందల నుంచి వేల సార్లు. అనవసరపు ఎత్తిపోతలన్నీ ఆ ఖాతాలోనే పడతాయి.

చిట్టాలో పేరు కొట్టేశారన్న కబురు లోపలి చిన్న కంప్యూటర్‌కు తనంతట తెలియదు. దానికి చెప్పడానికే ట్రిమ్ అనే ఆదేశం ఉంది. ఫలానా గడుల్లో సరుకు ఇక అక్కర్లేదు, వీలు చూసుకుని చెరుపుకో అని. విండోస్ బిన్ ఖాళీ అయినప్పుడూ చెబుతుంది, వారానికోసారి ఆప్టిమైజ్ డ్రైవ్స్ పేరుతో మళ్ళీ గుర్తుచేస్తుంది. ఇక్కడ ఒక ప్రమాదం దాగి ఉంది. పాత హార్డ్ డిస్కులో పొరపాటున పోయిన ఫైలు రెండు నెలలకైనా దొరికే అవకాశం ఉండేది. ట్రిమ్ ఉన్న డ్రైవ్‌లో బిన్ దాటాక ఆశ దాదాపు లేనట్టే. షిఫ్ట్‌తో కలిపి డిలీట్ నొక్కే అలవాటున్నవాళ్ళు దాన్ని మానుకోవడం మంచిది.

ముందు సర్వే

1990లో అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో బెన్ ష్నైడర్‌మన్ అనే ప్రొఫెసర్‌కు మన సమస్యే వచ్చింది. ఆయన ప్రయోగశాలలో 80 ఎంబీ హార్డ్ డిస్కు ఒక్కటే, వాడేవాళ్ళు 14 మంది. డిస్కు నిండిపోయింది, ఎవరు ఎంత పట్టుకున్నారో తెలియడం లేదు. ఫోల్డర్లో ఫోల్డరు, అందులో మరో ఫోల్డరు తెరుచుకుంటూ పోతే పొద్దుపోతుందే గాని లెక్క తేలదు. ఆయన ఆలోచన ఇది: తెర మొత్తాన్ని డిస్కు అనుకుందాం, ప్రతి ఫైలునూ దాని పరిమాణానికి తగ్గ దీర్ఘచతురస్రంగా గీద్దాం. పెద్ద ఫైలు పెద్ద గడిగా కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ట్రీమ్యాప్ అనే ఆ పటం ఇప్పుడు షేర్ మార్కెట్ వార్తల నుంచి ఎన్నికల విశ్లేషణల దాకా అన్నిచోట్లా కనిపిస్తోంది. పుట్టింది మాత్రం నిండిన డిస్కు బాధలోంచి.

మన పని మొదలవ్వాల్సింది అక్కడే. విన్‌డిర్‌స్టాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇలాంటి పటమే గీస్తుంది. విజ్‌ట్రీ అని ఇంకోటుంది. అది ఫోల్డర్లు ఒక్కొక్కటీ తెరవకుండా నేరుగా మాస్టర్ ఫైల్ టేబుల్‌నే చదివేస్తుంది కాబట్టి క్షణాల్లో లెక్క చెబుతుంది. సొంత వాడకానికి అదీ ఉచితమే. ఏదీ దించుకోవడం ఇష్టం లేకపోతే సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్ తెరిస్తే విండోస్ తనే ఒక జాబితా ఇస్తుంది. అంత సూక్ష్మంగా ఉండదు గాని మొదలుకు చాలు.

పటం చూసినవాళ్ళలో చాలామంది ఆశ్చర్యపోతారు. చోటు తిన్నది వేలాది చిన్న ఫైళ్ళు కావు, పది పదిహేను పెద్దవి. వర్డ్ ఫైళ్ళు ఏళ్ళ తరబడి పోగుపడినా పటంలో ఓ మూల చుక్కల్లా ఉంటాయి. ఫోన్‌లోంచి లాప్‌టాప్‌కు ఎక్కించిన ఒక బారసాల వీడియో పటంలో పెద్ద గడినే ఆక్రమిస్తుంది. ఫోన్ మామూలు హెచ్‌డీలో తీసే వీడియో నిమిషానికి సుమారు 60 నుంచి 130 ఎంబీ. అరగంట తీస్తే రెండు నుంచి నాలుగు జీబీ.

గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్న కుర్రవాడి లాప్‌టాప్ అయితే పటంలో రెండు చోట్లు చూడాలి. ఒకటి డౌన్‌లోడ్స్ ఫోల్డర్. ఒకే పీడీఎఫ్ నలుగురు నాలుగు గ్రూపుల్లో పంపగా నాలుగుసార్లు దించుకున్న నకళ్ళు చివర 1, 2, 3 అంకెలతో వరసగా నిలబడి ఉంటాయి. వాటి పక్కనే ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసేసిన సాఫ్ట్‌వేర్ల సెటప్ ఫైళ్ళు. ఈ రెండోరకాన్ని కళ్ళు మూసుకుని తీసేయొచ్చు. రెండో చోటు టెలిగ్రామ్ దాచుకునే తాత్కాలిక నిల్వ, క్యాషే. చూసిన ప్రతి ఫొటో, వీడియో మళ్ళీ అడిగితే వెంటనే చూపిద్దామని అది ఒక నకలు దాస్తుంది. టెలిగ్రామ్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ కింద మేనేజ్ లోకల్ స్టోరేజ్‌లోకి వెళ్ళి దాన్ని తుడిచెయ్యొచ్చు, ఇంత దాటొద్దని హద్దు కూడా పెట్టొచ్చు. అసలు సరుకు వాళ్ళ సర్వర్లో ఉంటుంది కాబట్టి నష్టం లేదు. బ్రౌజర్ క్యాషే కూడా ఇలాంటిదే గాని, దాని మీద జనం చూపించేటంత పగ అవసరం లేదు. ఇవాళ తుడిస్తే వారంలో మళ్ళీ అంతే పెరుగుతుంది.

మామూలుగా కనబడని పెద్ద గడులు మరికొన్ని పటంలో బయటపడతాయి. విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్ వాటిలో మొదటిది. విండోస్ పెద్ద మార్పు చేసుకున్నప్పుడు, నచ్చకపోతే వెనక్కి పోవడానికి పాత విండోస్‌ను అందులో పెడుతుంది. పది జీబీలు దాటడం మామూలే. పది రోజుల తరవాత తనే తీసేస్తుంది. అంతవరకూ ఆగలేకపోతే సెట్టింగ్స్‌లోని టెంపరరీ ఫైల్స్ జాబితాలో టిక్ పెట్టి తీసేయొచ్చు. ఆ జాబితాలోనే డౌన్‌లోడ్స్ కూడా ఉంటుంది. అన్నిటికీ టిక్కులు కొట్టేసి రిమూవ్ నొక్కితే పరీక్ష హాల్ టికెట్టూ అందులోనే పోతుంది. టిక్ పెట్టే ముందు ప్రతి వరసా చదవండి.

నిద్రాణం కోసం పట్టుకున్న ఫైల్ పేరు హైబర్‌ఫిల్. 8 జీబీ ర్యామ్ ఉంటే మూడు జీబీల పైన. మీరు మూత వేసి మళ్ళీ తెరవడమే తప్ప హైబర్నేట్ వాడకపోతే, అడ్మినిస్ట్రేటర్ హోదాలో టెర్మినల్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అనే ఆదేశంతో దాన్ని ఆపేయొచ్చు. ఫైలు దానంతటదే పోతుంది. ఫాస్ట్ స్టార్టప్ అనే సౌకర్యం కూడా దాంతోపాటే పోతుంది కాబట్టి మెషీన్ ఆన్ అవడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది. బ్యాటరీ అడుగంటినప్పుడు చేస్తున్న పనిని భద్రపరిచే వీలూ ఉండదు. నన్నడిగితే, కరెంటు నిలకడగా లేని ఊళ్ళో, బ్యాటరీ నీరసించిన మెషీన్లో దీని జోలికి పోవద్దంటాను. 64 జీబీ మెషీన్లకు ర్యామ్ తరచు నాలుగే కాబట్టి లాభం సుమారు ఒకటిన్నర జీబీయే.

ఒకే నేల, రెండు పేర్లు

పటం చూసి ఉత్సాహం వచ్చినవాళ్ళు చేసే పెద్ద తప్పు విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ అనే ఫోల్డర్‌ను చేత్తో తీసేయాలనుకోవడం. విండోస్ ఫోల్డర్ లోపల ఉంటుంది. ప్రాపర్టీస్ తెరిస్తే పది జీబీలకు అటూ ఇటూ చూపించి భయపెడుతుంది.

ఒకే రెండెకరాలకు అన్నదమ్ములిద్దరి పేర్లూ చెరో పుట మీద ఎక్కాయనుకోండి. పుస్తకం మొత్తం కూడితే ఊరు ఉన్నదానికన్నా రెండెకరాలు పెద్దదిగా తేలుతుంది. విండోస్‌లోనూ ఒకే ఫైలుకు రెండు చోట్ల రెండు పేర్లుండొచ్చు. దీన్ని హార్డ్ లింక్ అంటారు. విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్‌లోని ఫైళ్ళలో చాలాభాగం సిస్టమ్32 వంటి ఫోల్డర్లలోనూ పేరున్నవే. నేల ఒక్కటే, ఎక్స్‌ప్లోరర్ రెండుసార్లు లెక్కపెడుతుంది. అందులో నిజంగా అదనంగా ఉన్నది పాత అప్‌డేట్ల సామగ్రి. దాన్ని టెంపరరీ ఫైల్స్ జాబితాలోని విండోస్ అప్‌డేట్ క్లీనప్ తీస్తుంది. చేత్తో తీస్తే రేపటి నుంచి విండోస్ లేవకపోవచ్చు.

దీనికి సరిగ్గా తలకిందులైనది వన్‌డ్రైవ్. ఇక్కడ చిట్టాలో పేరుంది, నేల మీద గజం లేదు. వన్‌డ్రైవ్ ఫోల్డర్లో ఫైలు పక్కన నీలం మబ్బు గుర్తుంటే ఆ ఫైలు అసలు సరుకు ఇంటర్నెట్ అవతల ఉందని అర్థం. దాని ప్రాపర్టీస్ తెరిచి చూడండి. సైజ్ అన్నచోట 700 ఎంబీ, దాని కిందే సైజ్ ఆన్ డిస్క్ అన్నచోట సున్నా. తెరిచినప్పుడు దిగుతుంది, ఆకుపచ్చ టిక్ పడుతుంది. పని అయ్యాక కుడి క్లిక్ చేసి ఫ్రీ అప్ స్పేస్ అంటే నేల వదిలేసి మళ్ళీ పేరు మాత్రం ఉంచుకుంటుంది. చిన్న డ్రైవ్ ఉన్నవాళ్ళకు ఇంతకన్నా మంచి సదుపాయం లేదు. రెండు సంగతులు మరిచిపోకూడదు. ఉచితంగా ఇచ్చేది 5 జీబీయే. ఇంకా ముఖ్యమైనది, ఆ ఫైలును ఫ్రీ అప్ స్పేస్ అనకుండా డిలీట్ అంటే అవతల కూడా పోతుంది. నకలు కదా, ఇక్కడ తీసేస్తే అక్కడ ఉంటుందిలే అనుకుని పోగొట్టుకున్నవాళ్ళు ఎందరో.

కుదిస్తే కలిసొస్తుందా?

ఫొటోలన్నీ జిప్ చేస్తే చోటు మిగులుతుందని ఒక నమ్మకం ఉంది. మిగలదు. కుదించడమంటే మళ్ళీ మళ్ళీ వచ్చేదాన్ని ఒకసారే రాసి, తక్కిన చోట్ల "పైదే" అని గుర్తు పెట్టడం. మళ్ళీ వచ్చేది లేకపోతే కుదించేందుకేమీ లేదు. ఫోన్ ఫొటోలో కోటీ ఇరవై లక్షల చుక్కలుంటే, చుక్కకు మూడు బైట్ల చొప్పున 36 ఎంబీ కావాలి. జేపెగ్ పద్ధతి దాన్ని అప్పటికే మూడు నాలుగు ఎంబీలకు పిండేసింది. వీడియోలదీ, పాటలదీ అదే కథ. పిండినదాన్ని మళ్ళీ పిండితే రాదు.

దీనికి ఎదురు ఉదాహరణ మన లిపిలోనే ఉంది. నోట్‌ప్యాడ్ తెరిచి "తెలుగు" అని ఒక్క మాట టైపు చేసి భద్రపరచండి. ఫైలు సైజు 18 బైట్లు. మూడు అక్షరాలు, మూడు గుణింతపు గుర్తులు, ఒక్కోదానికి మూడు బైట్లు. అదే ఇంగ్లీషు అక్షరానికి ఒక్కటే బైటు. ఇంత చిన్న ఫైలుకు విండోస్ విడిగా నేల కూడా ఇవ్వదు, చిట్టాలో పేరు పక్కనే రాసేసుకుంటుంది. ఇప్పుడా మూడు బైట్లలో తమాషా చూడండి. తెలుగు అక్షరం ఏదైనా మొదటి బైటు ఎప్పుడూ ఒకటే. రెండో బైటు రెండింటిలో ఒకటి. అక్షరానికీ అక్షరానికీ తేడా తెలిసేది ప్రధానంగా మూడో దానిలోనే. ఇంత పునరుక్తి ఉంటే కుదింపుకు పండగ. తెలుగు టెక్స్ట్ ఫైలును జిప్ చేస్తే మూడో వంతు కన్నా తక్కువకు దిగుతుంది.

అయితే దానివల్ల మిగిలేదెంత? మూడువందల పుటల నవల తీసుకోండి. పుటకు 1,500 అక్షరాలూ గుర్తులూ అనుకుంటే మొత్తం నాలుగున్నర లక్షలు, సుమారు 1.3 ఎంబీ. నవల మొత్తం ఒక్క ఫొటోలో సగం కూడా లేదు. అదే నవల స్కాన్ చేసిన పీడీఎఫ్‌గా ఉంటే ఒక్కో పుటా ఒక్కో బొమ్మే. ఇరవై ముప్ఫై ఎంబీలకు తక్కువ కాదు, వంద దాటేవీ ఉన్నాయి. ఆర్కైవ్ డాట్ ఆర్గ్ నుంచి పాత తెలుగు పుస్తకాలు దించుకుని పోగుచేసే సాహితీప్రియుల డ్రైవులు ఎందుకు నిండుతాయో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆ పుస్తకాలు అక్కడ ఎలాగూ ఉన్నాయి. చదివినంతసేపు ఉంచుకుని, తక్కినవాటికి లంకెలు రాసిపెట్టుకుంటే చాలు.

కుదింపు నిజంగా పనికొచ్చే చోటు విండోస్ ఫైళ్ళ దగ్గరుంది. కాంపాక్ట్ ఓఎస్ అనే సదుపాయం విండోస్ 10 నుంచి ఉంది. వ్యవస్థ ఫైళ్ళను కుదించి ఉంచి, వాడేటప్పుడు విప్పుతుంది. ఒకటిన్నర నుంచి రెండున్నర జీబీ దాకా మిగలొచ్చు. కొన్ని చిన్న డ్రైవుల లాప్‌టాప్‌లలో ఇది ముందే అమల్లో ఉంటుంది.

ఇక క్లీనర్లు, బూస్టర్లు అని పేర్లు పెట్టుకుని ఒక్క నొక్కుతో పది జీబీలు ఖాళీ చేస్తామనేవాటి మాట. అవి చేసే మంచి పని ఏదైనా ఉంటే అది సెట్టింగ్స్‌లోని స్టోరేజ్ సెన్స్ ఉచితంగా చేస్తుంది. రిజిస్ట్రీని శుభ్రం చేస్తామనేవాటిని వాడటాన్ని మైక్రోసాఫ్టే సమర్థించదు. రిజిస్ట్రీ మొత్తం కలిపి కొన్ని వందల ఎంబీ. అందులో ఎంత గోకినా ఒక వీడియో క్లిప్పంత చోటు రాదు.

ఊరి బయట చోటు

ఇంత చేసినా 64 జీబీ 64 జీబీయే. లాప్‌టాప్ పక్కన మైక్రోఎస్‌డీ కార్డుకు సందు ఉంటే 128 జీబీ కార్డు పెట్టి, ఫొటోలు, వీడియోలు ఇకపై అక్కడే చేరేలా సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. బయటి ఎస్‌ఎస్‌డీ ఇంకా నమ్మకమైనది, వేగమైనది. రెంటిలో దేనికి తరలించినా, ఇవతల తీసేసే ముందు అవతల పది ఫైళ్ళైనా తెరిచి చూసుకోండి. ఒకే చోట ఉన్న ఫొటోను భద్రంగా ఉన్నట్టు లెక్కవేయకూడదు. కార్డులు ముందు చెప్పి చెడిపోవు.

32 జీబీ పాత లాప్‌టాప్ ఉన్నవాళ్ళ పరిస్థితి వేరు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది, విండోస్ 11కు 32 జీబీ చాలదు. అలాంటి మెషీన్‌ను విండోస్‌తో హింసించే బదులు 20 జీబీతో సరిపెట్టుకునే లినక్స్ మింట్ వేసుకోవడం నయం. టైపింగ్, బ్రౌజింగ్, పీడీఎఫ్ చదువుకోవడం హాయిగా సాగుతాయి.

64 జీబీ ఉన్నవాళ్ళు కనీసం 10 జీబీ ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. లోపలి మడులకు ఊపిరాడుతుంది, అప్‌డేట్లూ ఆగవు. రెండు మూడు నెలలకోసారి పటం గీయించి చూడండి, చూశాకే ఏదైనా తీయండి. మీ ఇంట్లో ఎవరైనా కొత్తగా కొనబోతుంటే 256 జీబీకి తగ్గనివ్వకండి. డ్రైవ్ బోర్డుకు అతికించిన ఈఎమ్‌ఎమ్‌సీయా, విప్పి మార్చుకోగలిగే ఎస్‌ఎస్‌డీయా అని దుకాణంలోనే అడిగించండి. అతికించినదాన్ని తరవాత ఎంత డబ్బు పెట్టినా పెంచలేరు.